విమాన క్రెడిట్ కార్డు వెల్‌కమ్ బోనస్‌కు మళ్లీ అర్హత పొందడం: బరంపురం, రాయగడ కుటుంబాల కోసం

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో కొడుకో కూతురో అమెరికాలో ఉద్యోగం చేస్తూ ఉండడం ఇప్పుడు విశేషమేమీ కాదు. వారు ఇంటికి వచ్చి వెళ్లడానికీ, తల్లిదండ్రులను అక్కడికి రప్పించుకోవడానికీ అయ్యే టికెట్ల ఖర్చులో పెద్ద భాగాన్ని, విమాన సంస్థల పేరుతో అక్కడి బ్యాంకులు ఇచ్చే క్రెడిట్ కార్డుల వెల్‌కమ్ బోనస్ మైళ్లతో, అంటే కొత్త కార్డుపై నిర్ణీత ఖర్చు చేసినందుకు ఇచ్చే, టికెట్లకు వాడుకునే పాయింట్లతో తీర్చుకోవచ్చు. మొదటి బోనస్ సంపాదించడం తేలికే. చిక్కంతా అదే కార్డుపై రెండోసారి అడిగినప్పుడు వస్తుంది. కార్డు తీసుకుని నాలుగేళ్లయిందనో, మూసేసి రెండేళ్లు దాటిందనో లెక్కవేసుకుని దరఖాస్తు పెడతారు; కార్డు ఇంటికి వస్తుంది, ఏడాది ఫీజు ఖాతాలో పడుతుంది, మైళ్లు మాత్రం రావు. బ్యాంకు తన గడువును ఏ రోజు నుంచి లెక్కిస్తుందో ముందుగా చూసుకోకపోవడమే దీనికి కారణం. ఈ వ్యాసంలో చెప్పదలచినది ప్రధానంగా ఆ తేదీ గురించే.

బ్యాంకు ఏ రోజు నుంచి లెక్కిస్తుంది

సిటీ బ్యాంకు అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో కలిసి ఇచ్చే ఆడ్వాంటేజ్ కార్డులతో మొదలుపెడదాం, ఎందుకంటే ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. గత 48 నెలల్లో అదే కార్డుపై కొత్త ఖాతా బోనస్ అందుకున్నవారికి మళ్లీ బోనస్ ఇవ్వబోమని దాని షరతు చెబుతుంది. కార్డు తెరిచిన రోజు ఇందులో లెక్కలోకి రాదు, మూసిన రోజూ రాదు. మైళ్లు ఖాతాలో పడిన రోజు ఒక్కటే లెక్క. ఒకరు 2023 జనవరి 10న కార్డు తీసుకుని, మార్చి చివరికి నిర్ణీత ఖర్చు పూర్తిచేస్తే, ఏప్రిల్ 5న మైళ్లు పడ్డాయనుకుందాం. ఆయన గడువు తీరేది 2027 ఏప్రిల్ 5న. తెరిచిన తేదీని పట్టుకుని 2027 జనవరి చివర్లోనే దరఖాస్తు పెడితే రెండు నెలల పైచిలుకు తొందరపాటుకు మొత్తం బోనస్ పోతుంది. స్టేట్‌మెంట్ ముగిసిన తేదీకీ, మైళ్లు విమాన సంస్థ ఖాతాకు చేరిన తేదీకీ మధ్య కొన్ని రోజుల తేడా ఉంటుంది కాబట్టి, రెండింటిలో తర్వాతి తేదీని తీసుకుని, దానిపై మరో నెల కలుపుకుని దరఖాస్తు చేయడం క్షేమం. నాలుగేళ్లు ఆగినవారికి ఇంకో నెల బరువు కాదు.

ఈ లెక్కలో మరో సంగతి కూడా ఇమిడి ఉంది. కార్డును త్వరగా మూసినంత మాత్రాన 48 నెలలు తగ్గవు, అట్టే పెట్టుకున్నంత మాత్రాన పెరగవు. అందువల్ల సిటీ కార్డును ఉంచుకోవాలా వద్దా అన్నది ఏడాది ఫీజుకు తగిన ప్రయోజనం ఉందా లేదా అన్న దానిపైనే తేల్చుకోవాలి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ కార్డులను 2026 నుంచి సిటీ ఒక్కటే జారీ చేసేలా 2024 డిసెంబరులో ఒప్పందం ప్రకటించారు; అంతకుముందు బార్‌క్లేస్ బ్యాంకు ఇచ్చిన ఏవియేటర్ కార్డులున్నవారు తమ ఖాతా సిటీలో ఏ కార్డు పేరుతో మారిందో చూసుకున్న తర్వాతే కొత్త దరఖాస్తు పెట్టాలి. షరతు కార్డు పేరును బట్టి వర్తిస్తుంది కనుక ఆ పేరు తెలియకుండా లెక్క వేయడం గుడ్డిలెక్కే అవుతుంది.

యునైటెడ్, సౌత్‌వెస్ట్ కార్డులు ఇచ్చే చేజ్ బ్యాంకు చాలాకాలంగా వాడుతూ వచ్చిన షరతు 24 నెలలది, అదీ బోనస్ అందుకున్న నాటి నుంచే. దీనికి తోడు, దరఖాస్తు నాటికి ఆ కార్డు చేతిలో ఉండకూడదు. సౌత్‌వెస్ట్ విషయంలోనైతే ఆ సంస్థ పేరుతో ఉన్న పర్సనల్ కార్డు ఏదీ ఉండకూడదని రాసేవారు. కాబట్టి సిటీలా కాకుండా ఇక్కడ కార్డును మూయడం తప్పనిసరి మెట్టు. మూసిన మర్నాడే కొత్తది అడగకుండా, పాత ఖాతా మూతపడినట్టు బ్యాంకు వెబ్‌సైటులోనూ, మీ కార్డుల, అప్పుల చరిత్ర ఉండే క్రెడిట్ రిపోర్టులోనూ కనిపించేదాకా ఆగడం మంచిది. బరంపురం ఠాకురాణి యాత్ర కూడా రెండేళ్లకొకసారే వస్తుంది, కానీ యాత్ర ముహూర్తాన్ని పెద్దలు ఊరంతటికీ ప్రకటిస్తారు. ఈ రెండేళ్లు నిండాయని మాత్రం ఎవరూ వచ్చి చెప్పరు.

చేజ్ దగ్గర ఇంకో అడ్డు ఉంది. గత 24 నెలల్లో ఏ బ్యాంకు నుంచైనా సరే, 5 లేదా అంతకు మించి పర్సనల్ కార్డులు తెరిచినవారికి ఆ బ్యాంకు సాధారణంగా కొత్త కార్డు ఇవ్వదు. వాడుకరులు దీన్నే 5/24 అంటారు. ఇది ఆఫర్ పేజీలో కనబడదు, అయినా దీన్ని ఉన్నట్టే భావించి నడుచుకోవాలి. బోనస్ గడువు తీరినా ఈ లెక్కలో పడితే దరఖాస్తే తిరస్కరణకు గురవుతుంది, పైగా దరఖాస్తు కోసం బ్యాంకు మీ రిపోర్టు చూసిందన్న విచారణ మచ్చ రెండేళ్లపాటు క్రెడిట్ రిపోర్టులో మిగులుతుంది. అందుకే చేజ్ కార్డులు కావలసినవారు వాటిని ముందు తీసుకుని, ఇతర బ్యాంకులవి తర్వాతికి పెట్టుకోవాలి.

డెల్టా కార్డులిచ్చే అమెరికన్ ఎక్స్‌ప్రెస్ పద్ధతే వేరు. ఒక కార్డు ఇప్పుడు ఉన్నా, ఎప్పుడో ఒకప్పుడు ఉండి పోయినా, దానిపై వెల్‌కమ్ ఆఫర్ ఉండదన్నది దాని నియమం, అంటే జన్మకొక్కసారే. ఏడేళ్లు దాటితే బ్యాంకు పాత ఖాతాను మరచిపోతుందనే మాట వినిపిస్తుంది గానీ అది షరతుల్లో లేదు, దాని మీద ప్రయాణ ఏర్పాట్లు కట్టడం తెలివైన పని కాదు. ఇక్కడ మళ్లీ అర్హత అంటే డెల్టా కార్డుల వరుసలోని మరో కార్డుకు వెళ్లడమే. అందులోనూ వరుస తప్పకూడదు: డెల్టా ప్లాటినం గానీ రిజర్వ్ గానీ ముందే తీసుకున్నవారికి గోల్డ్‌పై బోనస్ దక్కకపోవచ్చునని షరతుల్లో ఉంది. కనుక గోల్డ్‌తో మొదలుపెట్టి, తర్వాత ప్లాటినం, ఆపైన రిజర్వ్ ఎక్కాలి. పెద్ద బోనస్ చూసి నేరుగా రిజర్వ్ తీసుకుంటే కింది రెండు మెట్లూ పోయినట్టే. ఈ బ్యాంకులో మెచ్చుకోదగిన సంగతి ఒకటుంది. దరఖాస్తు నింపిన తర్వాత, క్రెడిట్ విచారణకు ముందే, మీకు ఈ బోనస్ వర్తించదని తెరపై హెచ్చరిక వస్తుంది. అది వస్తే అక్కడితో ఆపేయవచ్చు, నష్టమేమీ లేదు. తీసుకున్న కార్డును 12 నెలల లోపు రద్దు చేసినా, కింది స్థాయికి దింపినా ఇచ్చిన బోనస్‌ను వెనక్కి తీసుకునే హక్కును మాత్రం బ్యాంకు తన దగ్గర ఉంచుకుంది.

అలాస్కా ఎయిర్‌లైన్స్ కార్డులు ఇచ్చే బ్యాంక్ ఆఫ్ అమెరికా లెక్క వీటన్నిటికీ భిన్నం. ఆ కార్డు ఇప్పుడు ఉన్నవారికీ, గత 24 నెలల్లో ఏనాడైనా ఉన్నవారికీ మళ్లీ ఇవ్వబోమన్నది అక్కడ చూస్తూ వచ్చిన షరతు. ఇక్కడ బోనస్ తేదీకి పని లేదు. కార్డు మూసిన రోజు నుంచే గడియారం నడుస్తుంది. సిటీ కార్డును బద్ధకించి మూడేళ్లు ఉంచుకుంటే పోయేది ఏడాది ఫీజు మాత్రమే, అలాస్కా కార్డును ఉంచుకుంటే మాత్రం రెండో బోనస్ కూడా అన్నేళ్లు వెనక్కి జరుగుతుంది.

ఈ షరతులను బ్యాంకులు ముందుగా చెప్పకుండా మారుస్తూ ఉంటాయి. సిటీయే ఒకప్పుడు కార్డు తెరిచిన, మూసిన తేదీల నుంచి 24 నెలలు లెక్కించేది. పాత మిత్రుడి అనుభవం కన్నా, ఈ వ్యాసం కన్నా, దరఖాస్తు పెట్టే రోజున ఆఫర్ పేజీలో చిన్న అక్షరాలతో ఉన్న రెండు మూడు వాక్యాలకే విలువ ఎక్కువ. వాటిని పూర్తిగా చదివి, ఆ పేజీని తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచాలి. తర్వాత బోనస్ రాకపోతే బ్యాంకుతో మాట్లాడడానికి చేతిలో ఉండే కాగితం అదొక్కటే.

తేదీని వెతికి పట్టుకోవడం

నాలుగేళ్ల కిందటి తేదీ ఎవరికీ గుర్తుండదు. విమాన సంస్థ వెబ్‌సైటులో మీ మైళ్ల ఖాతాకు వెళ్లి జమల వివరాలు తెరిస్తే, నెలనెలా కొనుగోళ్లపై పడిన చిన్న మొత్తాల మధ్య యాభై వేలో, అరవై వేలో ఒక్కసారిగా పడిన జమ కనిపిస్తుంది. పక్కనున్న తేదీయే మీకు కావలసింది. ఆ పేజీ అంత వెనక్కి వెళ్లకపోతే బ్యాంకు వెబ్‌సైటులోని పాత నెలవారీ స్టేట్‌మెంట్లలో, ఆ నెల సంపాదించిన మైళ్ల పట్టికలో బోనస్‌ను విడి వరుసగా చూపి ఉంటారు. కార్డు మూసేస్తే ఆ స్టేట్‌మెంట్లు తెరవడం కష్టమవుతుంది గనుక మూయడానికి ముందే వాటిని దింపుకుని పెట్టుకోవాలి. రెండూ దొరకనివారు కార్డు వచ్చిన కాలం నాటి ఈమెయిళ్లు వెతకాలి, లేదా బ్యాంకుకు సెక్యూర్ మెసేజ్ రాసి అడగాలి. ఫోన్‌లో నోటిమాటగా చెప్పిన తేదీ కన్నా రాతపూర్వకంగా వచ్చిన తేదీ నయం.

ఇకముందు ఈ వెతుకులాట లేకుండా ఒక పుస్తకమో, ఎక్సెల్ పట్టికో పెట్టుకుంటే సరిపోతుంది. మన బరంపురం పట్టుచీరల అంగళ్లలో ఇప్పటికీ కనబడే పొడుగాటి ఖాతా పుస్తకం లాంటిది ఒకటి ఉన్నా చాలు. కార్డు పూర్తి పేరు, ఎవరి పేరున ఉంది, తెరిచిన తేదీ, ఖర్చు గడువు, బోనస్ పడిన తేదీ, ఏడాది ఫీజు పడే నెల, మూసిన తేదీ, మళ్లీ అడగదగిన తేదీ, ఇవి రాయాలి. పూర్తి పేరు రాయమనడం ఊరికే కాదు. ఒకే విమాన సంస్థ పేరుతో పర్సనల్ కార్డులు రెండు మూడు, బిజినెస్ కార్డు ఒకటి ఉంటాయి, వాటిలో చాలావాటికి గడువు విడివిడిగా నడుస్తుంది. ఒకదాని 48 నెలలు నిండకపోయినా మరోదానికి మీరు ఈ రోజే అర్హులై ఉండవచ్చు.

భార్యాభర్తల లెక్క

ఒక ఇంట్లో ఇద్దరుంటే ఇద్దరికీ వేర్వేరు గడువులు నడుస్తాయి. భర్త బోనస్ తీసుకుని నాలుగేళ్లు ఆగుతున్న కాలంలో భార్య అదే కార్డు తన పేరున తీసుకోవచ్చు. ఆమెకు అది మొదటి బోనస్. అయితే మన కుటుంబాల్లో కార్డు రాగానే ఇంటావిడ పేరున కూడా అదనపు కార్డు తెప్పించడం ఆనవాయితీ. ఆ అదనపు కార్డుకు వెల్‌కమ్ బోనస్ ఉండదు, పైగా ఆమె క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కి చేజ్ లెక్కించే అయిదింటిలో ఒక స్థానాన్ని తినేస్తుంది. కొత్తగా అమెరికా వచ్చి క్రెడిట్ చరిత్ర ఏమీ లేని భార్యకైతే ఒక పాత కార్డుపై పేరు చేర్చడం మేలే చేస్తుంది. ఆ ఒక్కటి చాలు, ప్రతి కార్డుపైనా చేర్చనక్కరలేదు. ఉద్యోగానుమతి లేక సోషల్ సెక్యూరిటీ నంబరు రానివారు ఐటిన్‌తో, అంటే ఆ నంబరు లేనివారికి పన్ను శాఖ ఇచ్చే సంఖ్యతో, కొన్ని బ్యాంకుల కార్డులు పొందవచ్చు. భర్త తన ఖాతా నుంచి పంపిన సిఫారసు లింకు ద్వారా భార్య దరఖాస్తు పెడితే ఆయనకూ కొన్ని మైళ్లు వస్తాయి, కానీ ఆ సిఫారసు మైళ్ల విలువను ఆదాయంగా చూపి బ్యాంకు పన్ను ఫారం పంపవచ్చు. ఖర్చు పెట్టి సంపాదించిన వెల్‌కమ్ బోనస్‌ను సాధారణంగా అలా లెక్కించరు.

ఖర్చు లెక్కలో జారే చోట్లు

అర్హత దొరికిన తర్వాత మూడు నెలల్లో రెండున్నర వేల డాలర్లో మూడు వేల డాలర్లో ఖర్చు చూపాలి. ఇందులో ఏడాది ఫీజు కలవదు, నగదు తీసుకోవడం కలవదు, తిప్పిపంపిన వస్తువుల సొమ్ము తీసివేతకు పోతుంది. ఇంటికి డబ్బు పంపే యాప్‌లో క్రెడిట్ కార్డు పెడితే గబగబా లక్ష్యం పూర్తవుతుందని కొందరు ఆశపడతారు. చాలా బ్యాంకులు దాన్ని నగదు తీసుకున్నట్టే పరిగణించి, ఆ రోజు నుంచే వడ్డీ, విడిగా రుసుమూ వేస్తాయి. బోనస్ లెక్కలో ఒక్క డాలరూ చేరదు. గడువు చివరి రోజు దాకా లాగకుండా రెండు వారాల ముందే కొన్ని వందలు ఎక్కువగా పూర్తిచేయాలి, ఎందుకంటే గడువు కార్డు చేతికందిన రోజు నుంచి కాక దరఖాస్తు ఆమోదించిన రోజు నుంచే నడుస్తుంది. బిల్లు పూర్తిగా కట్టలేని నెల ఉన్నవారు ఈ పనే పెట్టుకోకూడదు; 20 శాతం దాటిన వడ్డీ ముందు ఏ మైళ్లూ నిలవవు.

ఏ మైళ్లు మన ఊరికి పనికొస్తాయి

రెండోసారి ఏ కార్డుకు గడువు కాచుకోవాలన్నది మనవాళ్లు ఎక్కడ దిగుతారన్న దానిపై ఆధారపడుతుంది. రాయగడ వారికి పార్వతీపురం మీదుగా, గుణుపురం వారికి నౌపడ మీదుగా రైలు దారి ఉన్న విశాఖపట్నం దగ్గర; బరంపురం వారికి సుమారు 170 కిలోమీటర్ల దూరంలో ఉన్న భువనేశ్వర్ అనువు. ఎయిర్ ఇండియా 2014 జులైలో, యునైటెడ్ కూడా ఉన్న స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలో చేరింది కనుక యునైటెడ్ మైళ్లతో ఎయిర్ ఇండియా విమానం పట్టుకుని, ఢిల్లీలో మారి, ఒకే టికెట్టుపై ఈ రెండు ఊళ్లలో దేనికైనా చేరే వీలుంది. పెట్టెలు మోస్తూ ఢిల్లీలో మరో సంస్థ టికెట్ వెతుక్కోనక్కరలేని ఆ సౌకర్యం, అరవై దాటిన తల్లిదండ్రుల విషయంలో, కాసిన్ని మైళ్లు ఎక్కువైనా విలువైనదే. అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైళ్లతో ఖతార్ ఎయిర్‌వేస్ బిజినెస్ క్లాసులో భారత్‌కు ఒక వైపు 70,000, ఎకానమీలో 40,000 మైళ్లన్నది భాగస్వాముల ఛార్టు ధర. సీటు దొరికితే అంతకన్నా మంచి బేరం అరుదు. కానీ ఆ దారిన దోహా మీదుగా హైదరాబాదులో దిగి, అక్కడి నుంచి వేరే టికెట్టుపై రావాలి.

రెండో బోనస్ కోసం ఏళ్ల తరబడి ఆగేటప్పుడు మొదటి మైళ్లు పాడైపోకుండా చూసుకోవాలి. యునైటెడ్, డెల్టా మైళ్లకు కాలం చెల్లదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైళ్లు మాత్రం 24 నెలలు ఖాతాలో ఏ కదలికా లేకపోతే పోతాయి. కార్డు మూసేసినవారు ఈ మధ్యలో చిన్న జమ ఒకటి జరిగేలా చూసుకోవాలి. మైళ్లు కొడుకువైనా టికెట్ అమ్మ పేరున తీయవచ్చు, అయితే పాస్‌పోర్టులో ఇంటిపేరు, ఇచ్చిన పేరు ఏ గడుల్లో ఎలా ఉన్నాయో అక్షరం తప్పకుండా అలాగే ఇవ్వాలి.

ఇక్కడే ఉండి కార్డు వాడేవారు

భారతదేశంలో విమాన సంస్థల పేరుతో ఉన్న కార్డుల బోనస్ చాలావరకు మొదటి ఏడాది ఫీజుకూ, మొదటి కొన్ని వారాల వాడకానికీ ముడిపడి ఉంటుంది. ఒకే బ్యాంకులో ఇప్పటికే ఏదైనా కార్డు ఉన్నవారికి, లేదా ఈ మధ్యకాలంలో ఉండి మూసినవారికి బోనస్ ఇవ్వని షరతు కొన్నిచోట్ల ఉంటుంది కాబట్టి ముఖ్య నిబంధనల పత్రంలో ఆ వాక్యాన్నే ముందుగా వెతకాలి. 2024 నవంబర్ 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోయినట్టు, విమాన సంస్థే మారిపోతే ఏళ్ల తరబడి కాచుకున్న రెండో బోనస్ కూడా దానితోపాటే మాయమవుతుంది. అమెరికా లెక్కలంత దీర్ఘకాలిక ప్రణాళిక ఇక్కడ వేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మూసే పద్ధతి మాత్రం ఇక్కడ రిజర్వ్ బ్యాంకు నిబంధనలతో గట్టిగా ఉంది. బాకీలన్నీ తీర్చి రద్దు కోరితే 7 పనిదినాల్లో బ్యాంకు ఆ పని పూర్తిచేయాలి. చేయకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 రూపాయలు ఖాతాదారుకు చెల్లించాలి. అందువల్ల ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా ఈమెయిల్ ద్వారానో, యాప్ ద్వారానో కోరి, ఫిర్యాదు సంఖ్య దాచుకుని, బాకీ లేదన్న పత్రం తెప్పించుకోవాలి. ఏడాదికి పైగా వాడని కార్డును బ్యాంకు తానే తెలియజేసి మూసే ప్రక్రియ మొదలుపెట్టవచ్చు కనుక, గడువు లెక్క కోసం అట్టే పెట్టిన కార్డుతో అప్పుడప్పుడు ఒక రీఛార్జి అయినా చేస్తూ ఉండాలి. మూసిన ఖాతా రిపోర్టులో ఇంకా నడుస్తున్నట్టే ఉంటే కొత్త దరఖాస్తు ఇబ్బందుల్లో పడుతుంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, కాబట్టి మూడేసి నెలలకు ఒకటి చొప్పున తెప్పించుకుంటే ఏడాది పొడవునా కాపలా ఉన్నట్టే.

మన సరిహద్దు జిల్లాల వారికి ప్రత్యేకంగా ఎదురయ్యే అడ్డంకులు రెండు. మారుమూల పిన్‌కోడ్లకు కొన్ని బ్యాంకులు కార్డు పంపవు. మల్కన్‌గిరి, గుణుపురం వైపు వారు దరఖాస్తుకు ముందే తమ పిన్‌కోడు ఆ బ్యాంకు పరిధిలో ఉందో లేదో వెబ్‌సైటులో చూసుకోవాలి, లేకపోతే దరఖాస్తు తాలూకు విచారణ ఊరికే రిపోర్టులోకి ఎక్కుతుంది. రెండోది పేరు. ఆధార్‌లో ఇంటిపేరు ముందూ, పాన్‌లో వెనకా, బడి సర్టిఫికెట్టులో పొడి అక్షరాలుగానూ ఉన్నవారు మన ప్రాంతంలో కోకొల్లలు. పేరు ఒక్కో చోట ఒక్కోలా ఉంటే ఒకే మనిషి ఖాతాలు క్రెడిట్ సంస్థలో రెండు రిపోర్టులుగా చీలిపోయే ప్రమాదం కూడా ఉంది. అలా చీలితే ఆ సంస్థకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాలి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపై ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం అడిగే హక్కు ఉంది. ఈ దిద్దుబాటు పూర్తయి, సరైన రిపోర్టు చేతికి వచ్చిన తర్వాతే తదుపరి కార్డుకు దరఖాస్తు పెట్టాలి.